పోయేదానికి ఎన్ని మాటలో

ఎమ్మిగనూరు
9 సెప్టెంబరు 2024

వహీదా,

ఈ జాబు చెప్పేది నేను, ఉరుకుందమ్మను. రాసేది ధనుంజయ సారు. నువ్వు ఖాళీ చేసి పోయిన ఇంట్లో ఇప్పుడు ఈయనే దిగినాడు. నాకు చదువు లేదు, నీకూ లేదు, కాబట్టి నీ కోడలు ముస్రత్ ఇది నీకు చదివి వినిపించాలి. ఒక్క మాట కూడా మింగకుండా చదవమని చెప్పు. ఫోను చేయొచ్చు కదా అంటావు. నీకు ఫోనులో మాట సరిగా వినపడదు. నేను తిట్టేది సగంలో ఉండగానే 'ఆఁ, ఆఁ, బాగుండాను అక్కా' అని పెట్టేస్తావు. కాగితమైతే కడదాకా వినాల.

నా ఫిర్యాదు ఇది. శ్రావణంలో నేను ఉరుకుంద ఈరన్న స్వామి దగ్గరికి పోయినాను. బుధవారం పోయి శుక్రవారం వచ్చినాను. వచ్చేసరికి మన సందులో నీ ఇంటికి తాళం. నా ఇంటి తలుపు మాత్రం బార్లా తీసి ఉంది. నేను వేసి పోయిన తాళం లోపల మేకుకు తగిలించి ఉంది. రెండో తాళంచెవి నీ దగ్గర తప్ప ఎవరి దగ్గర ఉంది? రాత్రంతా నా ఇల్లు నోరు తెరుచుకోని ఉంది. కుక్క దూరి పాల గిన్నె బోర్లించింది. దొంగలు రాలేదు. వస్తే ఏం ఎత్తుకపోతారు, నా మోకాళ్ళ నొప్పులా.

ముప్పై ఎనిమిదేండ్లు ఎదురెదురు గడపల్లో బతికినాము. నా మగ్గానికి కండెలు చుట్టింది నువ్వు. నా మొగుడు చెన్నప్ప పోయిన రోజు నాకు నీళ్ళు తాగించింది నువ్వు. నీ మోయిన్‌కు జొన్నరొట్టె తినడం నేర్పింది నేను. అట్లాంటిదానివి, నాకొక మాట చెప్పకుండా, నేను ఊళ్ళో లేని రోజు చూసుకోని, సామాను వ్యాన్‌లో వేసుకోని ఆదోనికి పోతావా?

ఇప్పుడు నీ ఇంట్లో ఏం నడుస్తోందో విను. ఇంగ్లీషు మాట్లాడేది నేర్పుతారు. బెంగళూరు పోయి ఉద్యోగాలు చేయాలనుకునేవాళ్ళు, ఆసుపత్రుల్లో పని కావాలనుకునే ఆడవాళ్ళు, పదిహేనుమంది పొద్దున వస్తారు. సందు ఎంతని, మూడు బారలు. వాళ్ళ పాఠమంతా నా వంటింట్లోనే చెప్పినట్టు ఉంటుంది. పోయిన వారమంతా ఒకటే పాఠం, పోవడం. 'లీవ్' అంటారు, 'డిపార్ట్' అంటారు, 'సెట్ ఆఫ్' అంటారు. ఇవి మర్యాద మాటలంట. ఆమీద స్నేహితులు వాడుకునేవి వేరే. 'టేక్ ఆఫ్', 'పుష్ ఆఫ్', 'హిట్ ద రోడ్'. కడాది రోడ్డును కొట్టడమంట. 'పోయేవాడు పోక రోడ్డును కొట్టేది యాల సారూ, అది ఏం సేసింది' అని నా గడపలోనుంచే అడిగినాను. అందరూ నవ్వినారు. సారు నవ్వలేదు. బోర్డు మీది మాటలన్నీ ఒక్కొక్కటి నాకు తెలుగులో విడమరచి చెప్పినాడు. కోపంగా పోతే ఒక మాట, తరిమితే పోతే ఒక మాట, తొందరగా పోతే ఇంకొకటి. 'మనకు ఇన్ని లేవు పెద్దమ్మా' అన్నాడు. 'ఎందుకు లేవు, జారుకోవడం, ఉడాయించడం, చెక్కేయడం' అన్నాను. అన్నీ నోటుబుక్కులో రాసుకున్నాడు.

ఆ మాటల్లో నీది ఏదో నేనే ఏరిపెట్టినాను. 'స్లిప్ అవే'. పిల్లి మాదిరి, చప్పుడు లేకుండా, ఎవరికీ తెలియకుండా పోవడం.

నేను అడిగేది ఒక్కటే. తిరిగి రా. మగ్గం తీసేసినాక నడిమి గది ఊరికే ఉంది. మంచం ఉంది, కిటికీ ఉంది, నేనున్నాను. నేను మాత్రం ఆదోనికి రాను, ఎందుకని అడగొద్దు. పదిరోజుల్లో జవాబు రాకపోతే వహీదా అనే మనిషిని నేను ఎరగను అనుకుంటా. మాట మార్చను అనేదానికి కింద వేలిముద్ర వేస్తున్నాను.

ఉరుకుందమ్మ


ఆదోని
20 సెప్టెంబరు

ఉరుకుందక్కకు సలాం.

మేమంతా బాగున్నాము. మీరూ బాగున్నారని తలుస్తాము. మోయిన్‌కు పత్తి మార్కెట్‌లో పని బాగుంది. ఇల్లు బాగుంది, మిద్దె ఎక్కితే కొండ కనపడుతుంది. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. అత్త ఆరోగ్యం బాగుంది, మందులు వేళకు వేసుకుంటోంది.

మీ జాబు చదివి వినిపించినాము. అన్నిటికీ క్షమించాలి. ఈ వయసులో అటూ ఇటూ తిరగడం ఎవరికీ మంచిది కాదు. ఎక్కడివాళ్ళం అక్కడ ఉండి ఒకరి కోసం ఒకరం దువా చేసుకోవడమే మేలు.

వహీదా బీ


ఎమ్మిగనూరు
3 అక్టోబరు

వహీదా,

జాబు వచ్చింది. నీది కాదు, నీ కోడలిది. 'అత్త ఆరోగ్యం బాగుంది' అని నువ్వే చెప్పినావా? మీ అత్తను మట్టి చేసి ముప్పై ఏండ్లయ్యింది కదా.

అమ్మా ముస్రత్, ఇది చదివేది నువ్వే కాబట్టి నీకే చెప్తున్నాను. నువ్వు మంచిదానివి. రాత ముత్యాల మాదిరి ఉందని సారు కూడా అన్నాడు. కాని వరుసకొకసారి బాగుంది, బాగుంది అని రాస్తే నేను నమ్మాల్నా? అంత బాగున్న ఇల్లు నేను లోకంలో చూడలేదు. ఆమె ఏం చెప్తే అది రాయి. తిడితే తిట్టు రాయి. ఏడిస్తే, ఇక్కడ ఏడ్చింది అని రాయి.

ఇంక నీకు, వహీదా. పొద్దున ఎనిమిదయ్యేసరికి నాకు తెలియకుండానే నా నోరు లేస్తుంది. మొన్న చాయ్ దించి, గడపలో నిలబడి, 'వహీదా, చాయ్ అయ్యింది, రా' అని అరిచినాను. నీ ఇంట్లోనుంచి పదిహేనుమంది ఒక్క గొంతుతో 'థ్యాంక్యూ' అన్నారు. వెక్కిరింత కాదు పాపం, ఎవరన్నా ఏమన్నా ఇస్తామంటే అట్ల అనాలని వాళ్ళకు నేర్పినారు. ఆ గ్లాసు సారుకు ఇచ్చినాను. ఆయన రెండు గుక్కలు తాగి, ఇంకొంచెం చక్కెర ఉందా అని అడిగినాడు. నీకు చక్కెర లేకుండా పెట్టిన చాయ్ అది.

పోయే పాఠం ఇంకా అయిపోలేదు. 'క్లియర్ అవుట్' అని ఒకటి వచ్చింది. చీపురుపుల్లతో సహా ఊడ్చుకోని పోవడం. 'బీట్ ఇట్' అనేది ఎదుటివాళ్ళను తరిమేటప్పుడు వాడేది. నిన్ను ఎవరన్నా తరిమినారా? ఇల్లుగలాయన మారెప్ప ఏమన్నా అన్నాడా? అంటే చెప్పు, రేపే పోయి వాళ్ళ గడపకు అడ్డం కూర్చుంటా. మోయిన్ బలవంతం చేసినాడా? వాడి చెవి నేను మెలేసి చాన్నాళ్ళయ్యింది.

ఈ సందులో నాతో కొట్లాడేవాళ్ళు లేరు. అందరూ 'సరే పెద్దమ్మా' అంటారు. సరే అనేవాళ్ళతో ఎంతసేపు మాట్లాడతావు? నేను ఒకటంటే నువ్వు రెండనేదానివి. ఇప్పుడు నేను ఒకటంటే అది పోయి గోడకు తగిలి కింద పడుతుంది.

వేరే ఏమీ రాయొద్దు. దీనికి మాత్రం జవాబు చెప్పు. పోయేది నాకెందుకు చెప్పలేదు?

ఉరుకుందమ్మ


ఆదోని
28 అక్టోబరు

అక్కా,

ఇది నేను చెప్పినట్టే ముస్రత్ రాస్తోంది. నీ జాబు చదివినాక రెండు రోజులు పెన్ను ముట్టలేదు. ఆమీద తనే వచ్చి కూర్చోని 'సెప్పు అత్తా, నా మాటలు ఏమీ కలపను' అనింది. అయినా ఇన్ని రోజులు పట్టింది. ఆలస్యం నాదే. చెప్పాల్నా వద్దా అని.

నీకు చెప్పలేదని రెండు జాబుల్లోనూ రాయించినావు. చెప్పినాము కదా అక్కా.

ఆ సోమవారం సాయంత్రం మోయిన్ నీ గడపలో కూర్చున్నాడు. నువ్వు మజ్జిగ ఇచ్చినావు. 'పెద్దమ్మా, గురువారం పొద్దున వ్యాన్ వస్తాది, అమ్మను ఆదోనికి తీసుకోని పోతాండాను' అన్నాడు. నువ్వు 'మంచిదప్పా' అన్నావు. నేను నా తలుపు వెనకనుంచి వింటానే ఉన్నాను. ఇప్పుడు వస్తుంది, తిడుతుంది అనుకున్నాను. రాలేదు. మంగళవారమంతా నీ తలుపు వేసే ఉంది. బుధవారం తెల్లారి చూస్తే తాళం. ప్రతి ఏడూ నువ్వు ఉరుకుందకు పోయేది శ్రావణం కడా సోమవారం. ఈ ఏడు మాత్రం ఐదు దినాలు ముందే పోయినావు.

గురువారం పది గంటలకు వ్యాన్ వచ్చింది. సామాను ఎక్కించేది అర్ధగంట పని. నేను సాయంత్రం నాలుగు దాకా ఎక్కలేదు. డ్రైవరు 'ఏమవ్వా, పెండ్లికొడుకు రావాల్నా' అన్నాడు. 'పెండ్లికొడుకు కాదప్పా, మా అక్క రావాల' అన్నాను. మోయిన్ వాచీ చూసుకుంటా సందులో అటూ ఇటూ నడిచినాడు. ఉరుకుంద బస్సు వచ్చే వేళ కూడా దాటిపోయింది. అప్పుడు లేచినాను. లేస్తే ఎదురుగా నీ తాళం. తాళానికి మొహం చూపించి గడప దిగాలంటే కాళ్ళు రాలేదు. నా దగ్గర ఉన్న చెవితో నీ తలుపు తీసినాను. మనిషి లేకున్నా తీసిన తలుపన్నా ఎదురుగా ఉంటుందని. తాళంచెవి నీ దేవుని గూట్లో పెట్టినాను, చూసుకో. కుక్క సంగతి నాకు తోచలేదు.

నీ నడిమి గదికి రాలేను. కోపంతో కాదు. నువ్వు ఆరోజు ఎందుకు పోయినావో చెప్పు. అది తెలిస్తే నాకు నిద్ర పడుతుంది.

ఇక్కడ ఏడ్వలేదు.

వహీదా


ఎమ్మిగనూరు
11 నవంబరు

వహీదా,

నీ జాబు సారు చదివినాడు. చదివి కండ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు, నా దిక్కు చూడలేదు. ఈ మనిషి చేత రెండు జాబుల నిండా అబద్ధం రాయించినాను కదా. 'నీకు పాపం లేదప్పా, సెప్పింది నేను' అన్నాను. 'అది సరే, ఇప్పుడు నిజం సెప్పు పెద్దమ్మా, రాస్తా' అన్నాడు.

మోయిన్ చెప్పినాడు. నేను విన్నాను. మజ్జిగలో ఉప్పు వేసినానో లేదో కూడా తెలియదు. మంచిదన్నాను.

ఎందుకు పోయినానో విను. నా ఎదురు ఎట్లాంటిదో ఊరికంతా తెలుసు. చెన్నప్ప పోయినప్పటినుంచి, ఒక పని మీద బయల్దేరేవాళ్ళు నన్ను చూస్తే లోపలికి పోయి, కూర్చోని, నీళ్ళు తాగి మళ్ళా బయల్దేరతారు. ముండమోసింది ఎదురొచ్చిందని. మా చెల్లెలి కూతురు పెండ్లికి అందరూ బయల్దేరేటప్పుడు నన్ను వంటింట్లో ఉండమన్నారు. ఉన్నాను. బండ్లు పోయిన చప్పుడు విని బయటికి వచ్చినాను. ఇరవై రెండేండ్లుగా అంతే. నువ్వు ఒక్కదానివే 'అక్కా, ఎదురు రా' అని పిలిచేదానివి. మోయిన్ పదో తరగతి పరీక్షకు పోయినప్పుడు పిలిచినావు. వాడు ఆదోనికి పిల్లను చూడను పోయినప్పుడు పిలిచినావు. పిలిచినప్పుడంతా నేను చెంబు తోముకోని, నిండా నీళ్ళు పట్టుకోని, సందు మొదటినుంచి నడిచి వచ్చేదాన్ని. ఆ నాలుగు అడుగులూ నాకు పండగ.

మీ ఆయన బడే సాబ్‌ను ఆదోని ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు కూడా పిలిచినావు. అట్లనే వచ్చినాను. నాలుగో రోజు ఆయనను దుప్పటి కప్పి తెచ్చినారు. నువ్వు నన్ను ఏమీ అనలేదు. పదకొండేండ్లు ఏమీ అనలేదు. నువ్వు అనలేదని నేను అనుకోకుండా ఉంటానా?

ఇప్పుడు నువ్వే ఆ ఊరికి పోతానంటే, గురువారం పొద్దున మళ్ళా 'అక్కా, ఎదురు రా' అంటావని నాకు తెలుసు. నువ్వు పిలిస్తే రాకుండా ఉండేది నాకు చేతకాదు. అందుకని ఊళ్ళోనే లేకుండా పోయినాను. నా ఎదురు నీకు తగలకూడదని.

ఉరుకుందలో స్వామిని చూడలేదు. కొబ్బరికాయల అంగడి పక్కన బండ మీద గురువారం పొద్దంతా కూర్చున్నాను. అంగడామె 'ఎవరి కోసరం అవ్వా' అని అడిగింది. 'ఎవరూ వచ్చేది లేదమ్మా. ఒకామె పోయేది ఉంది, పోయేదాకా కూర్చున్నా' అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. రెండు అరటిపండ్లు ఇచ్చింది.

ఇట్ల పోయేదానికి మీ పుస్తకంలో మాట ఉందా అని సారును అడిగినాను. చాలాసేపు పేజీలు తిప్పినాడు. ఉందంట. 'మేక్ యువర్‌సెల్ఫ్ స్కేర్స్'. మనలను మనమే దొరకని వస్తువుగా చేసుకోవడం. నీకు ఏరిపెట్టిన మాట వెనక్కు తీసుకుంటున్నాను. ఇది మాత్రం నాది.

ఇంక కోపపడే వంతు నీది. గట్టిగా రాయించు.

ఉరుకుందమ్మ


ఆదోని
29 నవంబరు

అక్కా,

పిచ్చిదానా అని రాయమంటే ముస్రత్ రాయనంటోంది. పెద్దవాళ్ళను అట్ల అనకూడదంట. రాయమ్మా, ఆమెకు ఆ మాట అవసరం.

పిచ్చిదానా. బడే సాబ్ బతకడని ఎమ్మిగనూరు డాక్టరు ముందురోజే నాకు చెప్పినాడు. ఊరికే ఉండలేక ఆదోనికి తీసుకుపోయినాము. ఆరోజు నిన్ను ఎదురు పిలవమనింది నేను కాదు, ఆయన. ఆటోలో ఒరిగి కూర్చోని 'ఉరుకుందమ్మను పిలువు, సెంబు పట్టుకోని పోలీసు మాదిరి నడుస్తాది, సూసి పోతా' అన్నాడు. నువ్వు వస్తాంటే నవ్వినాడు. ఆమీద నాలుగు రోజుల్లో ఆయన మళ్ళా నవ్వలేదు. నేను నీకు అప్పుడే చెప్పాల్సింది. చెప్తే, చచ్చిపోతాడని తెలిసి కూడా నాతో దాచినావా అని నువ్వు కొట్లాడతావని చెప్పలేదు. కొట్లాట ఒకరోజులో అయిపోయేది. నువ్వు దీన్ని పదకొండేండ్లు మోస్తావని నాకేం తెలుసు.

ఇంకొకటి కూడా దాచినాను. నా ఎడమ కన్ను పోయింది. రెండేండ్లయ్యింది, చక్కెర జబ్బు. నీ చెప్పుల చప్పుడును బట్టి నీ దిక్కు తిరిగి మాట్లాడేదాన్ని, నువ్వు కనుక్కోలేదు. ఈ ఏడు కుడి కంట్లో కూడా పొర వచ్చింది. శ్రావణం ముందు పొయ్యి దగ్గర చీర కొంగు అంటుకుంటే చేత్తో ఆర్పుకున్నాను. మోయిన్ చూసినాడు. అందుకే తెచ్చుకున్నాడు. నీ నడిమి గదికి వస్తే, ఆ మోకాళ్ళతో నువ్వు నాకు కన్నువైపోతావు. అది నాకు ఇష్టం లేదు.

డిసెంబరు పదకొండు, బుధవారం, కుడి కన్నుకు ఆపరేషన్. పొద్దున ఎనిమిదికి ఇంట్లోనుంచి బయల్దేరాల. చూపు వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పలేదు. ఉండేది ఆ ఒక్క కన్నే.

నువ్వు ఎదురు రా. రాకపోతే ఆటో ఎక్కను.

వహీదా

పెద్దమ్మా, నేను ముస్రత్‌ను. అత్త ఈ మాట ఊరికే అనడంలేదు. మీ కోసమని ఇప్పటికే ఒకసారి తారీకు మార్పించింది. ఇంకోసారి మార్చనని డాక్టరు అన్నాడు. రండి.


ఆదోని
11 డిసెంబరు

ధనుంజయ సారుకు,

నేను ఉరుకుందమ్మను. ఇది ముస్రత్ రాస్తోంది. ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ మోయిన్ కోసరం పెట్టుకోని కూర్చున్నాము, అందుకని జాబు. పాలాయనకు ఈ వారమంతా వద్దని చెప్పు. నీ పాఠంలో పోవడం అయిపోతే వచ్చేది మొదలుపెట్టు. ఎన్ని రోజులు చెప్తావు అదే.

నిన్న పొద్దుగూకే వేళకు ఆదోనిలో బస్సు దిగినాను. దిగేటప్పుడు కండక్టరు చెయ్యి పట్టుకున్నాను, మోకాళ్ళ వల్ల అని చెప్పినాను. వహీదా మంచం మీద కూర్చోని ఉండింది. నా అడుగు చప్పుడుకే లేచి నిలబడింది.

'చిక్కిపోయినావు' అన్నాను.

'నీకు కనపడుతుంది కాబట్టి అంటావు. నాకు నువ్వు ముందు మాదిరే ఉండావు' అంది.

ఇన్ని నెలలు కాగితాల మీద తిట్టుకున్నాక నోట్లో ఏమీ మిగల్లేదేమో. ఆమె చెయ్యి నా ఒళ్ళో పెట్టుకోని కూర్చున్నాను. చిటికెన వేలి దగ్గర కాలిన మచ్చ ఉంది.

పొద్దున ఎనిమిదికి ఆటో వచ్చింది. ముస్రత్ చెంబు తోమి ఇచ్చింది. నీళ్ళు పట్టుకోని సందు మొదటికి పోయి నిలబడినాను. ఆడ అంజినమ్మ అని ఒకామె ముగ్గు వేస్తా ఉంది. నా నొసలు చూసింది, చెంబు చూసింది.

'అవ్వా, ఆయమ్మ కంటి ఆపరేషన్‌కు పోతాంది. కొంచెం పక్కకు జరుగు, నీ ఎదురు మంచిది కాదు' అని మెల్లగా చెప్పింది. చెడ్డది కాదు ఆమె. నన్ను నొప్పించకూడదనే మెల్లగా చెప్పింది.

'ఆ ఎదురు కోసరమే పిలిపిచ్చినారమ్మా. ఎమ్మిగనూరు నుంచి బస్సెక్కి వచ్చినా' అన్నాను.

ముగ్గు పిండి గిన్నె తీసుకోని లోపలికి పోయింది.

నడిచినాను. సగం దారిలో నిలబడి వెనక్కి తిరుగుదామా అనుకున్నాను, అది కూడా రాయి ముస్రత్. ఆటో ఎదురుగా వస్తోంది. లోపలినుంచి వహీదా గొంతు.

'అక్క యాడుంది?'

'ముందరే ఉంది మా, వస్తాంది' అని మోయిన్.

'నాకు కనపడల్యా. ఆపప్పా.'

ఆటో ఆగింది. నేను ఆగలేదు. నా మోకాలు ఆటోకు తగిలేదాకా నడిచినాను. ఆమె చెయ్యి బయటికి చాపింది. నా మొహం తడిమింది. ముక్కు, చెంపలు, బొట్టు లేని నొసలు. ఆమీద చెంబులో వేలు పెట్టి నీళ్ళు ఉన్నాయో లేదో చూసింది. నా కండ్లు తుడవబోయి తన కండ్లు తుడుచుకుంది.

'ఊఁ. ఇంక పోనీ' అని మోయిన్‌తో అంది.

గోడకు అతుక్కోని దారి ఇచ్చినాను. ఆటో నా చీర రాసుకోని పోయింది. వెనకనుంచి పిలవకూడదు, పిలవలేదు.

ఇప్పుడు పదకొండు దాటింది. ఫోను మోగలేదు. కట్టు రేపు విప్పుతారంట, చూపు ఉండేది లేనిది అప్పుడుగాని తెలియదు. లోపలికి వచ్చి అన్నం తినమని ముస్రత్ ఇది మూడోసారి అడగడం. నేను సందు మొదట్లో ఎవరిదో అరుగు మీద కూర్చోని ఈ జాబు చెప్తున్నాను. ఇదేమీ నా ఊరు కాదు, నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. పనుల మీద బయల్దేరేవాళ్ళు నన్ను చూసి ఒక అడుగు ఆగుతున్నారు. ఒకాయన చెప్పులు విడిచి మళ్ళా తొడుక్కున్నాడు. ఇంకొకామె ఇంట్లోకి పోయి, నీళ్ళు తాగి, కొంచెంసేపు చూసి బయటికి వచ్చింది. వచ్చేసరికీ నేను ఈడనే ఉన్నాను.

ఎవరు చెప్పినా జరగను. ఆ ఆటో ఈ దారినే రావాల.

ఉరుకుందమ్మ